ధర్మారావు ఆఖరి మాట

ఇంట్లో మాట నెగ్గని మగవాడు ఏం చేస్తాడు? కొందరు వసారాలో కూర్చుని విసనకర్ర మీద కోపం తీర్చుకుంటారు. కొందరు మఠానికి పోయి ప్రదక్షిణలు చేస్తారు. ఆదోనిలో తెలుగు పండితుడు భీమసేనరావు ఈ రెండూ చేసి చూశాడు. ఫలితం కనిపించకపోయేసరికి నాటకం రాశాడు.

నాటకం పేరు 'గృహస్థుని గెలుపు'. మొత్తం పదకొండు రంగాలు. పది రంగాల దాకా ధర్మారావు అనే భర్త, శాంతమ్మ అనే భార్య చేత నానా మాటలూ పడతాడు. పదకొండో రంగంలో ఆవిడ అతని పాదాల మీద పడి, "తప్పు నాదే" అంటుంది. ఆ ఒక్క రంగం రాయడం కోసమే ఆయన తక్కిన పదీ రాశాడు.

కర్నూలు రాజధాని అయిన మరుసటి సంవత్సరం అది. ఎమ్మిగనూరులో మగ్గాల వాళ్ళు నాటకాల పోటీ పెట్టారు. పోటీకి కొత్త నిబంధన ఒకటి ఉంది. రాతప్రతి రచయిత పేరు లేకుండా ముందుగానే పంపాలి. న్యాయనిర్ణేత దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. రాతలో లేని మాట ఎవరైనా అంటే ఎర్ర పెన్సిలుతో గీత పడుతుంది, గీతకొక మార్కు పోతుంది.

ఆ కరపత్రం చదివి భీమసేనరావు పంచె సర్దుకోవడం కూడా మరిచిపోయి ఇల్లంతా తిరిగాడు. ఊళ్ళో ఆయన్ని చాటుగా 'అక్షరాల రావు' అంటారు. బడిలోనైనా, నాటకంలోనైనా ఆయన నోట ఒకటే మాట: "అక్షరం పొల్లుపోకూడదు."

నటులంటే ఆయనకు అంత భయం ఎందుకో చెప్పాలి. పోయిన ఏడు ఆయన రాసిన నాటకంలో పత్తి వ్యాపారి పాండురంగయ్య మహారాజు వేషం కట్టాడు. రాజ్యం పోయి అడవికి బయలుదేరే ఘట్టం. జనం కళ్ళు తుడుచుకుంటున్నారు. పాండురంగయ్య రాణి వైపు తిరిగి, "దేవీ! మనం అడవికి పోయినా షరాఫు బజారులో మన అంగడి మాత్రం తెరిచే ఉంటుంది" అన్నాడు. జనం 'వన్స్ మోర్' అన్నారు. మహారాజు మళ్ళీ ఇంకోసారి అడవికి పోయాడు.

అందుకే ఈసారి భీమసేనరావు పాండురంగయ్యను హార్మోనియం ముందు కూర్చోబెట్టాడు. నోటికి పని లేదన్నమాట. ధర్మారావు వేషం తానే కట్టాడు. శాంతమ్మ వేషానికి, పత్తి అంగట్లో తూకం వేసే ఉచ్చీరప్పను పట్టుకొచ్చాడు. ఉచ్చీరప్పది సన్నటి ఒళ్ళు, సన్నటి గొంతు. చదువు బొత్తిగా రాదు గానీ, ఒకసారి చెవిన పడ్డ మాటను ఏడాది తర్వాత అడిగినా దగ్గుతో సహా అప్పజెప్పగలడు. సొంత మాట ఒక్కటి కలపడు. భీమసేనరావు దృష్టిలో నటుడంటే వాడే. ఒక్క మీసం మాత్రం తీయనన్నాడు.

"పైట నోటికి అడ్డం పెట్టుకుంటా సామీ. ఇల్లాలు గదా, సిగ్గుంటాది" అన్నాడు. సరే అనక తప్పలేదు.

ఆఖరి రంగం రాసిన రోజు భీమసేనరావు కాగితాలు పట్టుకుని వంటింటి గడప దగ్గర పీట వేసుకున్నాడు. లోపల ఆయన భార్య ఇందిరాబాయి పప్పు ఎనుపుతోంది.

"వింటాండావా?"

"చెవులకు పనేముంది, వింటాండా. చేతులే ఖాళీ లేవు."

ఆయన చదివాడు. శాంతమ్మ పాదాల మీద పడే చోట ఆయనే ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"ఎట్లుంది?"

"శాంతమ్మ ఎవరు?"

"ఎవరూ కాదు. కల్పన."

"కల్పనకు పుట్టినిల్లు హొళగుందేనా?"

"ఏదో ఒక ఊరు పెట్టాల గదా!"

"కల్పనకు వాళ్ళమ్మ పాటల పుస్తకం ఉన్నిందా?"

"ఇందిరా, సాహిత్యం అన్న తర్వాత..."

"దాన్ని కల్పన మొగుడు బొరుగుల అంగడికి వేసినాడా?"

భీమసేనరావు కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. జవాబు లేనప్పుడల్లా ఆయన అద్దాలకు మసి పడుతుంది.

సంగతి మూడేళ్ళ నాటిది. ఇందిరాబాయి తల్లి కృష్ణాబాయి హొళగుందలో రాగులు విసురుతూ, మజ్జిగ చిలుకుతూ కన్నడ పాటలు పాడేది. ఆ పాటలు ఏ అచ్చు పుస్తకంలోనూ లేవు. తల్లి మంచం పట్టినప్పుడు ఇందిరాబాయి నెలరోజులు పక్కన కూర్చుని, ఆవిడ పాడుతుంటే అరవై రెండు పాటలు ఎర్ర అట్ట పుస్తకంలో రాసుకుంది. ఆ తర్వాత తల్లి పోయింది, పుస్తకం మిగిలింది. పండుగకు ఇల్లు దులిపే రోజున భీమసేనరావు పిల్లల పరీక్ష కాగితాలతో పాటు దాన్ని కూడా కట్టగట్టి, బొరుగుల తిక్కయ్య అంగట్లో పొట్లాలకని పడేసి వచ్చాడు.

ఇందిరాబాయి ఏడవలేదు, పుట్టింటికి పోలేదు, కొత్త పుస్తకం అడగలేదు. "తప్పు నాదే అనండి" అని మాత్రం అడిగింది. ఆ రెండు మాటలు మూడేళ్ళుగా అడుగుతూనే ఉంది. ఆయన ఏమేమో అన్నాడు. 'పొరపాటు జరిగింది' అన్నాడు. 'తిక్కయ్యన్నా చూసుకోవాల గదా' అన్నాడు. వేల పద్యాలు నోటికొచ్చిన పండితుడికి ఈ రెండు మాటలు మాత్రం గొంతు దాటి రాలేదు.

"అయినా అవి పాటలు. నీ నోట్లోనే ఉండాయి. నోట్లో ఉండేదానికి పుస్తకమెందుకు?" అన్నాడు ఇప్పుడు కూడా, అద్దాలు పెట్టుకుంటూ.

"మీ నాటకం గూడా నోటితో చెప్పేదే. దానికెందుకు పుస్తకం?"

"అది రచన!"

"మా అమ్మది?"

"పాట!"

ఇందిరాబాయి పప్పుగుత్తి పక్కన పెట్టింది. "సరే. శుద్ధప్రతి రాసి ఇయ్యాల్నా?"

ఇది పదేళ్ళ ఆచారం. భీమసేనరావు చేతిరాత రెండు రోజులు పోతే ఆయనకే అర్థం కాదు. ఇందిరాబాయిది అచ్చుగుద్దినట్టుండే రాత. ఆయన ఏం రాసినా, లోకం చూసేది ఆవిడ రాసిన ప్రతినే. పోటీకి పంపే ప్రతి, నటులకిచ్చే విడి కాగితాలు, అన్నీ ఆవిడ చేతి మీదుగానే పోతాయి. విడి కాగితాల్లో ఎవరి మాటలు వాళ్ళకే ఉంటాయి. ఎదుటివాడి మాటలో చివరి ముక్క మాత్రం రాస్తారు, అది వినపడగానే అందుకోవాలని.

"ఇంకో సంగతి" అన్నాడు భీమసేనరావు గొంతు తగ్గించి. "ఆఖరి రంగం వసారాలో ఆడి చూపేది లేదు. పోయిన ఏడు వీధిలో నిలబడి ఎవడో విని పోయినాడు. మనకంటే ముందే ఇంకో సమాజం వాళ్ళు ఆడేసినారు. నా మాటలు నాకెట్లా వచ్చు. ఉచ్చీరప్పకు నువ్వు పెరట్లో కూసోబెట్టుకుని నేర్పు."

"నేనా?"

"వానికి చదువు రాదు గదా. చదివి వినిపించు. అక్షరం పొల్లుపోకూడదు."

"పొల్లుపోదు. నేను రాసింది రాసినట్టే చెప్తాడు."

నాలుగో రోజు శుద్ధప్రతి తయారైంది. ఆవిడ తెచ్చి చేతికిచ్చింది. "ఒకసారి సరిచూసుకోండి."

"పదేండ్లలో ఎప్పుడన్నా తప్పు రాసినావా? ఆ లక్క తీసుకరా."

"ఆఖరి రంగమన్నా చూడండి."

"రాసింది నేను. నాకు తెలీదా దాంట్లో ఏముందో? ఇయ్యి ఇట్లా!"

"చూడమని చెప్పలేదని మళ్ళా అనొద్దు" అంటూ ఇందిరాబాయి లక్క కరిగించింది. ఆయన తన చేత్తోనే ముద్ర వేసి, తపాలాలో వేసి వచ్చి, హాయిగా ఒక నిద్ర తీశాడు.

పెరట్లో ఉచ్చీరప్ప చదువు వారం రోజులు సాగింది. ఒకనాడు వాడు బయటికి పోతుంటే భీమసేనరావు ఆపాడు. "వచ్చిందా అప్పా?"

"అంతా వచ్చింది సామీ. శానా మంచిగుండాయి మాటలు. మా ఇంటిదానికి గూడ సెప్పినా. ఇని ఏడ్సింది."

భీమసేనరావు ఛాతీ ఉప్పొంగింది. చదువురాని ఆడమనిషిని కూడా శాంతమ్మ పశ్చాత్తాపం కరిగించిందంటే ఇక తిరుగేముంది? ఆ పూట ఇందిరాబాయి వడ్డించిన మూడో గరిటె అన్నం కూడా కాదనలేదు.

పోటీ రోజు అందరూ పొద్దున బస్సులో ఎమ్మిగనూరు చేరారు. ఒక పెద్ద నేతశాలలో మగ్గాలు పక్కకు జరిపి, బల్లలు పరిచి రంగస్థలం చేశారు. వెనక తెరగా ఉతికిన దుప్పట్లు కట్టారు. ఎడమ వైపు చాపల మీద ఆడవాళ్ళు, కుడి వైపు మగవాళ్ళు కూర్చున్నారు. మధ్యలో కుర్చీ వేసుకుని న్యాయనిర్ణేత రామకృష్ణయ్య కూర్చున్నాడు. మంత్రాలయం దగ్గర పాఠాలు చెప్పి విరమించిన పెద్దమనిషి. ఒళ్ళో రాతప్రతి, చెవి మీద ఎర్ర పెన్సిలు. ఇందిరాబాయి చాపల మీద మొదటి వరుసలో, వట్టి చేతులతో కూర్చుంది.

మధ్యాహ్నం మూడు గంటలకు తెర లేచింది. పది రంగాలు నున్నగా జరిగిపోయాయి. ఒక్క ఎర్ర గీత పడలేదు. పాండురంగయ్య కూడా హార్మోనియం మీద బుద్ధిగా ఉన్నాడు. భీమసేనరావుకు బహుమతి కళ్ళ ముందు కనిపించింది. అంతకంటే ముఖ్యంగా, ఇందిరాబాయి చూస్తుండగా శాంతమ్మ తన కాళ్ళ మీద పడే ఘడియ దగ్గరపడింది. మూడేళ్ళ పోరు ఇవాళ్టితో తీరిపోతుంది.

పదకొండో రంగం మొదలైంది. ఉచ్చీరప్ప ఎర్ర చీరలో, పైట నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

"శాంతా! ఆ కాగితాలు ఏమైనాయో నీకు తెలుసా?" అన్నాడు భీమసేనరావు గంభీరంగా.

ఇక్కడ శాంతమ్మ, "చిత్తు కాగితాలే కదా స్వామీ, పోతే పోనివ్వండి" అనాలి.

ఉచ్చీరప్ప సన్నటి గొంతుతో అందుకున్నాడు. "తెలుసు. మా అమ్మ పాడితే నేను రాసుకున్న పాటలు అవి. నన్ను అడగకుండా బొరుగుల అంగడికి వేసింది మీరే."

భీమసేనరావు చెవులు గింగురుమన్నాయి. వీడికి పిచ్చి గాని పట్టిందా? ఆయన రామకృష్ణయ్య వైపు చూశాడు. ఇప్పుడు ఎర్ర గీత పడుతుంది! పడలేదు. రామకృష్ణయ్య వేలు కాగితం మీద నెమ్మదిగా పాకుతోంది. తల పంకిస్తున్నాడు. రాతలో ఉన్నట్టే ఉంది.

అప్పుడు తెలిసింది భీమసేనరావుకు, ఆ రాత ఎవరిదో.

ఏం చేయాలి? తన మాట తాను చెప్పకపోతే గీత పడుతుంది. అక్షరాల రావు నాటకంలో అక్షరం తప్పిందని జిల్లా అంతా నవ్వుతుంది. తన మాట ఏమిటి? ఆయన రాసిందే. నోటికి వచ్చేసింది.

"నిజం చెప్పావు."

"ఒప్పుకున్నాడప్పా!" అన్నారు వెనక వరుసలో ఎవరో. చాపల మీద ఆడవాళ్ళు ముందుకు జరిగారు.

"చదువుకున్నవారు మీరు. మీరు రాసిందే రాత, మేము రాసుకున్నది చెత్త అనుకున్నారు" అంది శాంతమ్మ.

భీమసేనరావు పళ్ళు బిగించాడు. తర్వాతి మాట తలుచుకుంటే చెమట పట్టింది. అయినా చెప్పాడు. "ఇంత కాలానికి కళ్ళు తెరుచుకున్నాయి!"

నేతశాల దద్దరిల్లేటట్టు చప్పట్లు పడ్డాయి.

"అయితే వినండి. ఇక మీదట ఈ ఇంట్లో నా కాగితం ముక్క కూడా నన్ను అడగకుండా ముట్టకూడదు." ఉచ్చీరప్ప ఆవేశంలో చెయ్యి ఎత్తాడు. పైట జారింది. మీసం బయటపడింది. ఒక్కరూ నవ్వలేదు. మీసమున్న శాంతమ్మ మాట ఇంకా గట్టిగా తగిలింది.

"అదే... నేను కోరుకున్నది" అన్నాడు భీమసేనరావు ఏడుపు గొంతుతో. అది అద్భుతమైన నటన అనుకుని పాండురంగయ్య హార్మోనియం మీద కరుణ పలికించాడు.

"అట్లైతే నోరు తెరిచి చెప్పండి. తప్పు ఎవరిది?"

ఇక్కడికి ఆయన మాటలు అయిపోయాయి. ఆయనకు మిగిలింది ఒక్కటే: 'లే శాంతా, నిన్ను క్షమించాను.' ఎదురుగా శాంతమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిటారుగా నిలబడి ఉంది. లేవడానికి ఆవిడ పడితే గదా!

భీమసేనరావుకు పౌరుషం పొడుచుకొచ్చింది. చావనైనా చస్తాను గానీ ఆ మాట అనను అనుకున్నాడు. చేతులు కట్టుకుని, గడ్డం ఎత్తి, నోరు మూసుకుని నిలబడ్డాడు.

ఉచ్చీరప్పకు తెలిసింది ఒకటే. అవతల మాట రానంతవరకు తన మాట నిలబెట్టాలి. "తప్పు ఎవరిది?" అన్నాడు మళ్ళీ. కాస్త ఆగి, "తప్పు ఎవరిది?" అన్నాడు ఇంకోసారి.

"సెప్పప్పా!" అన్నారు మగ్గాల వాళ్ళు.

"లే శాంతా, నిన్ను క్షమించాను!" అన్నాడు భీమసేనరావు మొండిగా.

ఎర్ర పెన్సిలు చెవి మీంచి దిగింది. ఒక గీత పడింది.

"పురుషుడన్నవాడు..." అని మొదలుపెట్టాడు. రెండో గీత.

"అసలు ఆ తిక్కయ్య చూసుకోవలసింది!"

మూడో గీత. "తిక్కయ్య ఎవరప్పా నడమ?" అని జనం గొల్లున నవ్వారు.

అప్పుడు చాపల మొదటి వరుసలోంచి ఇందిరాబాయి లేచి నిలబడింది. చేతిలో కాగితం లేదు. గొంతు ఎత్తలేదు. పాఠం మరిచిన పిల్లవాడికి అందించినట్టు అంది. "తప్పు నాదే."

జనం తలలు ఆవిడ వైపు తిరిగాయి. భీమసేనరావు భార్య వైపు చూశాడు. ఆవిడ కళ్ళు దించలేదు. మూడేళ్ళలో ఒక్కనాడూ దించని కళ్ళు అవి.

"తప్పు... నాదే" అన్నాడు.

"వినపడ్లేదు!" అన్నారు వెనకనుంచి.

"తప్పు నాదే!"

తెర పడింది. పడగానే 'వన్స్ మోర్' కేకలు మొదలయ్యాయి. అడిగితే మళ్ళీ ఆడి తీరాలి, అది ఈ సీమలో కాదనలేని మర్యాద. తెర లేచింది. ఉచ్చీరప్ప మళ్ళీ అడిగాడు. భీమసేనరావు మళ్ళీ చెప్పాడు. మూడోసారి తెర లేచేసరికి ఆయనకు ఒళ్ళు మండిపోయి, పైకప్పు ఎగిరిపోయేటట్టు, "తప్పు నాదే! నాదే! నాదే!" అని అరిచాడు. అన్నిటికంటే దానికే ఎక్కువ చప్పట్లు వచ్చాయి.

మూడు గీతల వల్ల మొదటి బహుమతి చేజారి రెండోది వచ్చింది. రామకృష్ణయ్య లేచి నాలుగు మాటలు మాట్లాడాడు. "ఈ రచయిత ఎవరో గానీ గుండె ఉన్న మనిషి. చివరి రంగం చదివినప్పుడే నాకు కళ్ళు చెమర్చినాయి. భర్త వేషం కట్టిన నాయనకు ఒక్క మాట. రచయితను గౌరవించడం నేర్చుకో. ఎవరు రాసిందైనా మన ఇష్టం వచ్చినట్టు చెరిపే హక్కు మనకు లేదు."

ఉత్తమ నటికి పెట్టిన చీర ఉచ్చీరప్పకు వచ్చింది. వాడు దాన్ని మడిచి చంకలో పెట్టుకుని, ఇందిరాబాయి దగ్గరికి వచ్చి దండం పెట్టాడు. "మీరు సెప్పిందాంట్లో యాడన్నా తప్పినానా అమ్మా?"

"యాడా తప్పలేదు ఉచ్చీరప్పా. తప్పింది ఒక్కరే" అంది ఆవిడ.

తిరుగు బస్సులో పాండురంగయ్య పక్కన చేరాడు. "అయ్యవారూ, ఇంత మంచి ముగింపు మీకెట్లా తట్టిందప్పా?"

"రాస్తా రాస్తా... తట్టింది" అన్నాడు భీమసేనరావు కిటికీలోకి చూస్తూ.

బాగా పొద్దుపోయాక ఇల్లు చేరారు. తలుపు వేసీ వేయకముందే ఆయన విరుచుకుపడ్డాడు. "నా రాత దిద్దుతావా!"

"శాంతమ్మ మాటలు దిద్దినా. మీవి ముట్టలేదు."

"ఆఖరిది?"

"అది గూడ మీరు రాసిందే. 'తప్పు నాదే' అని శాంతమ్మ నోట్లో పెట్టినారు. నేను తీసి పక్క నోట్లో పెట్టినా, అంతే. సరిచూసుకోమని రెండుసార్లు చెప్పినా."

"అయినా విను! అన్నది ధర్మారావు. నేను అనలేదు. అది నాటకం!"

"నాకూ తెలుసు. రాసింది నేను, అన్నది ధర్మారావు. దాంతో నాకేమొచ్చింది?" ఇందిరాబాయి దీపం ఒత్తి సవరించింది. "జనం లేరు, కాగితం లేదు. ఎవరూ రాయని మాట ఒకటి మీరు చెప్తారేమో అని మూడేండ్లుగా చూస్తాండా."

భీమసేనరావు అద్దాలు తీశాడు. తుడవలేదు, చేతిలో అట్లాగే పట్టుకున్నాడు.

"ఆ కట్ట వేసిన రోజే తిక్కయ్య అంగట్లో బొరుగులు తినినా" అన్నాడు. "పొట్లం విప్పితే నీ రాత. చూస్తానే గుర్తుపట్టినా. అప్పుడే అడిగుంటే తక్కిన పుస్తకం దొరికుండు. అడిగితే తప్పు నాదని తేలిపోతాదని, బొరుగులు అయిపోయేదాకా తింటా కూసున్నా. ఆ తర్వాత అడిగితే అంతా పొట్లాలై పోయినాయన్నాడు." అద్దాలు పెట్టుకుని ఆవిడ వైపు చూశాడు. "తప్పు నాదే, ఇందిరా."

ఇందిరాబాయి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"బాగుండినాయా బొరుగులు?"

"ఉప్పు తక్కువైంది" అన్నాడు ఆయన తల దించుకుని.

ఆవిడ లోపలికి పోయి, ఒక కొత్త పుస్తకం, ఆయన బడి సంచీ తెచ్చి ముందు పెట్టింది. "రాసుకోండి. అరవై రెండుండాయి."

"నేనా? ఇప్పుడా? కన్నడం..."

"తెలుగు అక్షరాల్లోనే రాయండి. నోట్లో ఉండేదానికి పుస్తకమెందుకంటిరి గదా. అదెందుకో రాస్తే మీకే తెలుస్తాది."

ఆవిడ గోడకు ఆనుకుని, రాగులు విసిరే పాట ఎత్తుకుంది. భీమసేనరావు ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాశాడు. మూడు చరణాలు గడిచాయి. నాలుగో చరణంలో ఆయన పెన్సిలు ఆగింది, కనుబొమలు ముడిపడ్డాయి, ఏదో కొట్టేసి ఏదో రాశాడు.

పాట ఆగింది. "ఏం చేస్తాండారు?"

"ఏం లేదు. ఈడ ఒక్క మాట కొంచెం మార్చితే నడక ఇంకా బాగుంటాదని..."

ఇందిరాబాయి బడి సంచీలో చెయ్యి పెట్టి, ఎర్ర పెన్సిలు తీసి, ఆయన ముందుకు వంగి, ఆ మాట మీద అడ్డంగా ఒక గీత గీసింది.

"మా అమ్మ చెప్పింది చెప్పినట్టే రాయండి" అంది. "అక్షరం పొల్లుపోకూడదు."